ఉప్పు మడి బ్యాక్టీరియాతో వెండి నానో కణాలు: ఫ్లాస్కులో తెల్లగా విరిగినది ఏమిటి?

మిగతావాళ్ళకు కూడా అర్థం కావాలి కాబట్టి ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. పర్లాకిమిడిలో బ్యాక్టీరియాతో వెండి నానో కణాలు (కంటికి కనిపించనంత చిన్న వెండి రేణువులు) తయారుచేసే ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ ప్రాజెక్టు చేస్తున్నారు. నౌపడ ఉప్పు మడుల మట్టి నుంచి కడ్డీ ఆకారపు బ్యాక్టీరియా, అంటే ఒక బాసిల్లస్‌ను వేరు చేశారు. న్యూట్రియెంట్ బ్రాత్‌లో (బ్యాక్టీరియాను పెంచే పోషక ద్రవం) ఒక రోజు పెంచి, సెంట్రిఫ్యూజ్ చేసి (వేగంగా తిప్పి బరువైనవి అడుగుకు దించి), పైన తేరిన తేటలో 1 మిల్లీమోలార్ అయ్యేలా సిల్వర్ నైట్రేట్ కలిపారు. కలిపీ కలపగానే పెరుగు తరకల్లా తెల్లగా విరిగింది. రెండు రోజులకు ఊదా రంగుకు, ఆ తర్వాత గోధుమ రంగుకు తిరిగింది. ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూపే స్పెక్ట్రంలో 430 నానోమీటర్ల దగ్గర వెడల్పాటి గూను ఒకటి కనబడింది. రంగు మారింది కాబట్టి కణాలు వచ్చినట్టే, ఇక యాంటీబ్యాక్టీరియల్ ప్లేట్లు (బ్యాక్టీరియాను చంపుతాయో లేదో చూసే పరీక్ష) వేసెయ్యమని గైడు గారు అంటున్నారు. మీకేమో అనుమానం.

మీ అనుమానమే సరైనదమ్మా. ఆ తెల్లని తరకలు సిల్వర్ క్లోరైడ్. మామూలు న్యూట్రియెంట్ బ్రాత్‌లో లీటరుకు 5 గ్రాముల ఉప్పు ఉంటుంది, అంటే సుమారు 85 మిల్లీమోలార్ క్లోరైడ్. మీరు పోసిన వెండి 1 మిల్లీమోలార్. ఒక్కో వెండి అయానుకు ఎనభైకి పైగా క్లోరైడ్ అయాన్లు ఎదురు చూస్తున్నాయన్నమాట. బ్యాక్టీరియా వదిలిన ఎంజైములకూ పెప్టైడ్లకూ వెండి అందేలోపే దాదాపు అంతా అవక్షేపమైపోయింది. ఎల్బీ అనే ఇంకో బ్రాత్ వాడి ఉంటే ఇంకా ఘోరం, అందులో ఉప్పు లీటరుకు 10 గ్రాములు.

మరి ఊదా, గోధుమ రంగులు ఎక్కడివి అంటారా? సిల్వర్ క్లోరైడ్ వెలుతురు తగిలితే నల్లబడుతుంది. పాత ఫొటో కాగితం పనిచేసింది ఈ గుణం మీదే. కాంతికి రేణువుల ఉపరితలం మీద కొంత లోహ వెండి పుడుతుంది, మీ 430 గూను దానిదే అయ్యుండే అవకాశం ఎక్కువ. అంటే నానో వెండి అస్సలు లేదని కాదు, ఉన్నా దాన్ని చేసింది బ్యాక్టీరియా అని మీ దగ్గర రుజువు లేదు. కిటికీ వెలుతురు చేసి ఉండొచ్చు.

ఇప్పుడున్న ఫ్లాస్కులను పారబోయకుండా ఒక చిన్న పరీక్ష చెయ్యండి. అడుగున దిగినదాన్ని కదిపి 1 మి.లీ. తీసుకుని, అంతే పరిమాణంలో 10 శాతం హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్ ద్రావణం కలపండి. సిల్వర్ క్లోరైడ్ నిమిషాల్లో కరిగిపోతుంది, లోహ వెండి కరగదు. మడ్డి అంతా మాయమై లేత రంగు తేట మిగిలితే మీ దగ్గరున్నది క్లోరైడే. ఈ పరీక్ష అమ్మోనియాతోనూ చెయ్యొచ్చని పుస్తకాల్లో ఉంటుంది. వద్దు. అమ్మోనియా కలిసిన వెండి ద్రావణం నిలవ ఉంటే, ఎండితే పేలే పదార్థం తయారవుతుంది. హైపోతో ఆ భయం లేదు.

ఇక అసలు పని. వెండితో పని అంటే సగం క్లోరైడ్‌తో పోరాటమే, అది ఎక్కడెక్కడి నుంచి దూరుతుందో తెలిస్తే చాలా తలనొప్పులు తగ్గుతాయి. మొదటిది మీడియం, అది చెప్పుకున్నాం. రెండోది నీళ్ళు. తీరం దగ్గరి బోరు నీళ్ళ సంగతి చెప్పక్కర్లేదు, ఆర్వో నీళ్ళలోనూ క్లోరైడ్ మిగులుతుంది, బ్యాటరీల కోసం అమ్మే డిస్టిల్డ్ వాటర్‌ను కూడా సీసా మీది పేరు చూసి నమ్మకండి. శుభ్రమైన పరీక్షనాళికలో 5 మి.లీ. నీళ్ళు తీసుకుని ఒక చుక్క సజల నత్రికామ్లం, రెండు చుక్కల సిల్వర్ నైట్రేట్ వేసి, వెనక నల్ల కాగితం పెట్టి చూడండి. పొగమంచులాంటి మసక వచ్చినా ఆ నీళ్ళు పనికిరావు. మూడోది బఫర్, అంటే పీహెచ్ (ఆమ్ల క్షార స్థాయి) మారకుండా నిలిపే ద్రావణం. కణాలు కడగడానికి అలవాటుగా పీబీఎస్ (ఫాస్ఫేట్, ఉప్పు కలిసిన బఫర్) అందుకుంటాం. అందులో 137 మిల్లీమోలార్ ఉప్పుంది, పైగా ఫాస్ఫేట్. ఫాస్ఫేట్ వెండితో కలిస్తే పసుపుపచ్చ సిల్వర్ ఫాస్ఫేట్ పడుతుంది, దాన్ని "నానో కణాల పసుపు రంగు" అని రాసేసే ప్రమాదం ఉంది. నాలుగోది పీహెచ్ సరిచెయ్యడానికి వాడే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. దాని బదులు సజల నత్రికామ్లం వాడండి.

ఐదోది ఎవరూ చెప్పరు: పీహెచ్ మీటర్ ఎలక్ట్రోడ్. దాని లోపల గాఢ పొటాషియం క్లోరైడ్ ఉంటుంది, చివరనున్న సూక్ష్మ రంధ్రం నుంచి అది కొద్దికొద్దిగా ఊరుతూనే ఉంటుంది. వెండి ఉన్న ఫ్లాస్కులో ఎలక్ట్రోడ్ ముంచితే ద్రావణమూ పాడవుతుంది, రంధ్రం సిల్వర్ క్లోరైడ్‌తో పూడుకుపోయి ఎలక్ట్రోడూ పాడవుతుంది. వెండి కలపకముందే 2 మి.లీ. పక్కకు తీసి కొలిచి, ఆ 2 మి.లీ. పారేయండి. లేదా పీహెచ్ కాగితం చాలు. గాజు సామాను విషయానికొస్తే 1:1 నత్రికామ్లంలో నానబెట్టి డిస్టిల్డ్ నీళ్ళతో కడగండి. గాజు కడగడానికి కొందరు వాడే ఆక్వా రీజియాలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది, సరిగా కడగకపోతే మళ్ళీ మొదటికే. చేతి చెమటలోనూ ఉప్పే కాబట్టి గ్లవ్స్ తప్పనిసరి. వేసుకోకపోతే సిల్వర్ నైట్రేట్ వేళ్ళ మీద నల్ల మచ్చలు వేస్తుంది, చర్మం ఊడేదాకా పోవు.

మీ బాసిల్లస్ గురించి రెండు మాటలు. ఉప్పు మడిలో దొరికింది కదా అని దానికి ఉప్పు కావాలనేం లేదు. అక్కడ బతికేవాటిలో చాలావరకు ఉప్పును తట్టుకునేవే, ఉప్పు లేనిదే బతకనివి వేరు. ఉప్పు వెయ్యని అగార్ (గడ్డకట్టిన మీడియం) మీద గీసి చూడండి: లీటరుకు పెప్టోన్ 5 గ్రాములు, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 3 గ్రాములు, అగార్ 15 గ్రాములు. రెండు రోజుల్లో కాలనీలు వస్తే ఆ బ్యాక్టీరియాతో వెండి పని చెయ్యొచ్చు. రాకపోతే వెండిని వదిలేయండి. ఉప్పు తప్పనిసరైన బ్యాక్టీరియా కణాలను డిస్టిల్డ్ నీళ్ళలో వేస్తే పగిలిపోతాయి, ఆ గుజ్జుతో ఏం వచ్చినా దేనివల్ల వచ్చిందో చెప్పలేం. అలాంటప్పుడు మూలకం మార్చడం మంచిది, దాని సంగతి కిందకి చెబుతాను.

ఇంకొకటి. మట్టిని 80 డిగ్రీల దగ్గర పది పదిహేను నిమిషాలు వేడి చేసి బాసిల్లస్ తీస్తారు కదా, అందులో బాసిల్లస్ సీరియస్ కూడా బతికి బయటపడుతుంది. అది ఆహారాన్ని విషం చేసే రకం. బ్లడ్ అగార్ మీద, గుడ్డు సొన అగార్ మీద ఒకసారి వేసి చూసుకుని, అనుమానం ఉంటే జాతిని గుర్తించే 16ఎస్ జన్యు సీక్వెన్సింగ్ అయ్యేదాకా లీటర్ల లెక్కన పెంచకండి. కోరాపుట్ వైపు మట్టి నమూనాలు తీద్దామనుకునేవాళ్ళకు ఒక హెచ్చరిక: అక్కడ పశువులకూ మనుషులకూ దొమ్మరోగం, అంటే ఆంత్రాక్స్, పదేపదే వస్తుంటుంది. ఆ రోగ బ్యాక్టీరియా స్పోర్లు (గట్టి పెంకున్న నిద్రాణ రూపాలు) కూడా ఈ వేడికి చావవు. పశువుల దొడ్లు, కళేబరాలు పూడ్చిన చోట్ల మట్టి జోలికి పోవద్దు. ఇదంతా ఎందుకనుకుంటే, సూక్ష్మజీవులను భద్రపరిచి ఇచ్చే సంస్థలైన చండీగఢ్ ఎంటీసీసీ నుంచో పుణే ఎన్‌సీఐఎం నుంచో బాసిల్లస్ సబ్టిలిస్ తెప్పించుకోండి. పరిశోధన పత్రాల్లో క్లెబ్సియెల్లా న్యుమోనియే వాడితే నిమిషాల్లో కణాలు వచ్చాయని చదివి దానికి ఆశపడకండి. అది రోగకారకం, కాలేజీ ల్యాబులో దానితో పనిలేదు.

ఇప్పుడు పద్ధతి. పైన చెప్పిన ఉప్పులేని మీడియం, అగార్ వెయ్యకుండా, లీటరు చేసి, 250 మి.లీ. ఫ్లాస్కుల్లో 100 మి.లీ. చొప్పున పంచి, ఒక శాతం తాజా కల్చర్ వేసి, 150 ఆర్పీఎం షేకర్ మీద పెట్టండి. ఉష్ణోగ్రత 30 డిగ్రీలని ప్రోటోకాల్‌లో ఉంటుంది గానీ, మామూలు ఇంక్యుబేటర్ వేడి చెయ్యగలదే తప్ప చల్లబరచలేదు. ఎండాకాలంలో గదిలోనే 35, 36 ఉంటే అది 30 చూపించడం అబద్ధం. నేరుగా 37 పెట్టుకోండి, బాసిల్లస్‌కు ఇబ్బంది లేదు, మళ్ళీ మళ్ళీ చేసినా ఒకేలా వస్తుంది. కరెంటు పోయి షేకర్ గంట ఆగితే కొంపలేం మునగవు, కానీ "24 గంటలు" అన్న లెక్క తప్పుతుంది. గడియారం చూసి కాకుండా 600 నానోమీటర్ల దగ్గర ఓడీ (ద్రవం ఎంత మసకబారిందన్న కొలత) చూసి ఆపండి. ఏ ఓడీ దగ్గర ఆపారో రాసుకుని ప్రతిసారీ అక్కడే ఆపండి.

కాలేజీలో ఉండే 4,000 ఆర్పీఎం సెంట్రిఫ్యూజ్ బ్యాక్టీరియా కణాలను దించడానికి సరిపోతుంది. రోటర్ వ్యాసార్ధం 10 సెం.మీ. అయితే అది సుమారు 1,800 జీ (గురుత్వ బలానికి అన్ని రెట్లు), అరగంట తిప్పండి. 50 మి.లీ. ట్యూబులు నాలుగే పడితే లీటరుకు ఐదు విడతలు, ఓపిక కావాలి. దిగిన కణాలను డిస్టిల్డ్ నీళ్ళతో మూడుసార్లు కడగండి. మూడో కడుగు నీళ్ళకు పైన చెప్పిన నత్రికామ్లం, వెండి చుక్కల పరీక్ష చేసి మసక వస్తే నాలుగోసారి కడగండి. లీటరుకు తడి కణాలు నాలుగైదు గ్రాములు వస్తాయి, తక్కువ వచ్చినా కంగారు పడకండి. గ్రాముకు 20 మి.లీ. చొప్పున స్టెరైల్ డిస్టిల్డ్ నీళ్ళలో కలిపి మళ్ళీ షేకర్ మీద 24 గంటలు ఉంచండి. ఆకలి మీదున్న కణాలు ఎంజైములు, పెప్టైడ్లు ఆ నీళ్ళలోకి వదులుతాయి. తర్వాత సెంట్రిఫ్యూజ్ చేసి, ముందు 0.45, తర్వాత 0.22 మైక్రాన్ పొరతో వడకట్టండి. నేరుగా 0.22 పెడితే రెండు సిరంజిలకే పూడుకుపోతుంది. ఈ వడకట్టిన సారమే మన ముడిసరుకు. పీహెచ్ 8 దగ్గరికి పలుచని సోడియం హైడ్రాక్సైడ్‌తో తెచ్చుకోండి. క్షారం పెరిగేకొద్దీ చర్య వేగంగా జరుగుతుందని కొందరు 10, 11 దాకా పోతారు. 1 మిల్లీమోలార్ వెండి దగ్గర పీహెచ్ 9 దాటాక గోధుమ రంగు సిల్వర్ ఆక్సైడ్ పడే ప్రమాదం ఉంది, రంగు చూసి మళ్ళీ మోసపోతాం.

సిల్వర్ నైట్రేట్ 10 మిల్లీమోలార్ స్టాక్ చేసుకోండి: 42.5 మి.గ్రా., 25 మి.లీ. నీళ్ళలో, ముదురు గోధుమ సీసాలో. అందులో ఒక వంతు, సారం తొమ్మిది వంతులు కలిపితే ఫ్లాస్కులో సరిగ్గా 1 మిల్లీమోలార్ అవుతుంది.

ఎక్కువమంది ప్రాజెక్టులు కూలేది కంట్రోళ్ళ (పోలిక కోసం పెట్టే ఫ్లాస్కుల) దగ్గరే. రంగు మారిన ఒక్క ఫ్లాస్కు పక్కన నీళ్ళ ఫ్లాస్కు పెట్టి ఫొటో తీస్తే సరిపోదు. చిన్న ఫ్లాస్కులు ఆరు తీసుకోండి, ఒక్కోదానిలో మొత్తం 20 మి.లీ. మొదటిదానిలో సారం 18, వెండి స్టాక్ 2, చుట్టూ అల్యూమినియం రేకు చుట్టి చీకట్లో. రెండోదానిలో అదే, కానీ కిటికీ వెలుతురులో. మూడోదానిలో పావుగంట మరిగించి చల్లార్చిన సారం, వెండి, చీకట్లో. నాలుగోదానిలో సారం, వెండి బదులు నీళ్ళు. ఐదోదానిలో ఉత్త నీళ్ళు, వెండి. ఆరోదానిలో చివరి కడుగు నీళ్ళు, వెండి. మొత్తానికి 72 మి.లీ. సారం పడుతుంది, లీటరు కల్చర్ ఇందుకే.

ఒకటోది రంగు తిరిగి, ఐదు, ఆరు రంగు లేకుండా తేటగానే ఉంటే బ్యాక్టీరియా సారం వల్లే జరిగిందని ధైర్యంగా రాయొచ్చు. రెండోది తిరిగి ఒకటోది తిరగకపోతే ఆ పని కాంతిది, సారం సాయపడింది అంతే. అదీ తప్పేం కాదు, కాకపోతే అలాగే రాయాలి. మూడోది, అంటే మరిగించినది కూడా తిరిగితే ఎంజైము కథ చెప్పకండి. నైట్రేట్ రిడక్టేజ్ అనే ఎంజైము, దానికి ఎలక్ట్రాన్లిచ్చే ఎన్‌ఏడీహెచ్ అంటూ బొమ్మ గీసి పెట్టడం ఒక ఆచారంగా మారింది, వేడికి తట్టుకున్న పెప్టైడ్లో చక్కెరలో కూడా వెండిని క్షయకరించగలవు, అంటే అయానును లోహంగా మార్చగలవు. మీడియంలోని పెప్టోన్, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ కూడా బ్యాక్టీరియా లేకుండానే, ముఖ్యంగా వెలుతురులో, వెండి రంగు మార్చగలవు. కడగకుండా నేరుగా తేట వాడేవాళ్ళు అందుకే బ్యాక్టీరియా వెయ్యని మీడియంను కూడా పక్కన పెట్టాలి. అది పెట్టకుండా చేసిన పని మీద నాకైతే నమ్మకం లేదు.

స్పెక్ట్రం తీసేటప్పుడు బ్లాంక్‌గా నాలుగో ఫ్లాస్కు వాడండి, నీళ్ళు కాదు. 300 నుంచి 700 దాకా, శోషణ 1 లోపు ఉండేలా పలచన చేసి చదవండి. 410 నుంచి 430 మధ్య సన్నటి శిఖరం వస్తే చిన్న, విడివిడి గుండ్రని కణాలు. 450 వైపు జరిగి వెడల్పైతే పెద్దవి, లేదా రకరకాల సైజులు. 550 దాటాక ఇంకో గూను లేస్తే ముద్దకడుతున్నాయి. శిఖరమే లేకుండా ఎడమకు ఎక్కుతూ పోయే గీత ఉత్త మసకది, సిల్వర్ క్లోరైడ్ అలాగే కనిపిస్తుంది. స్పెక్ట్రోఫోటోమీటర్ లేక 420 ఫిల్టరున్న కలరీమీటరే ఉంటే గంట గంటకూ రీడింగు తీసి వేగం గీయొచ్చు, శిఖరం చూపడానికి మాత్రం అది చాలదు. వారం రోజులు ఉంచి మళ్ళీ చదవండి. శిఖరం కుంగి అడుగున నల్లటి పొడి, గోడకు అద్దంలాంటి పూత కనబడితే కణాలను కప్పి ఉంచే ప్రోటీన్ చాలలేదని అర్థం.

ఇక్కడ కాలేజీ సెంట్రిఫ్యూజ్ చేతులెత్తేస్తుంది. 20 నానోమీటర్ల వెండి కణాలను దించాలంటే 12,000 ఆర్పీఎం దగ్గర 20 నిమిషాలైనా కావాలి. 4,000 దగ్గర దిగింది అంటే అది ముద్దలో, క్లోరైడో. హైస్పీడ్ మెషిన్ కోసం బరంపురం యూనివర్సిటీనో ఆంధ్రా యూనివర్సిటీనో అడగండి. ఎక్స్‌ఆర్‌డీ, టెమ్ పరికరాలు (ఒకటి ఎక్స్-కిరణాలతో స్ఫటికాన్ని గుర్తించేది, రెండోది ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని) ఎక్కడున్నాయో, ఫీజెంతో పరిశోధన పరికరాల జాబితా ఉన్న ఐ-స్టెమ్ పోర్టల్‌లో వెతకొచ్చు. ఒక్క పరీక్షకే డబ్బుంటే నా ఓటు ఎక్స్‌ఆర్‌డీకి. రాగి కే-ఆల్ఫా కిరణాలతో 2 తీటా (కిరణం వంగే కోణం) 38.1, 44.3, 64.4, 77.4 దగ్గర పడేవి లోహ వెండివి. 27.8, 32.2, 46.2 దగ్గర పడితే సిల్వర్ క్లోరైడ్. రెండూ ఉంటే "వెండి/సిల్వర్ క్లోరైడ్ మిశ్రమ కణాలు" అని పేరు పెట్టండి, అలాంటివి ప్రచురితమయ్యాయి కూడా. ఆ శిఖరాల వెడల్పు నుంచి లెక్కగట్టే షెరర్ సూత్రంతో వచ్చేది స్ఫటిక పరిమాణం, కణం పరిమాణం కాదు. డీఎల్ఎస్ (చెదిరిన కాంతితో సైజు కొలిచే పద్ధతి) చూపేది ప్రోటీన్ పొర, నీటి పొర కలిపిన కొలత, టెమ్ కంటే పెద్దదే వస్తుంది. ఈ మూడూ కలవకపోతే ఎగ్జామినర్ ముందు తడబడకండి, కలవకూడదు కూడా.

ప్లేట్ల పరీక్ష గురించి మీ గైడు గారి తొందర అర్థమవుతుంది. కానీ బాసిల్లస్ తనంతట తానే యాంటీబయాటిక్ పెప్టైడ్లు వదిలే జాతి. కడగని ద్రావణం అగార్ ప్లేటులో తొలిచిన బావిలో పోస్తే కనిపించే జోన్ (బ్యాక్టీరియా పెరగని వలయం) వెండిదో, ఆ పెప్టైడ్‌దో, మిగిలిపోయిన సిల్వర్ నైట్రేట్‌దో తేలదు. వెండి లేని సారం, అదే సాంద్రతలో సిల్వర్ నైట్రేట్, కడిగిన కణాలు, మూడూ మూడు బావుల్లో పెట్టండి. పైగా కణాలు అగార్‌లో సరిగా పాకవు, జోన్ చేసేది ఎక్కువగా వాటి నుంచి కరిగిన అయాన్లు. ఎంఐసీ (పెరుగుదలను ఆపే కనీస సాంద్రత కొలిచే పరీక్ష) పెడితే మాట గట్టిగా నిలబడుతుంది.

ఉప్పు లేనిదే పెరగని బ్యాక్టీరియా దొరికినవాళ్ళకు చెబుతానన్న మాట: సోడియం సెలెనైట్. సెలీనియం లోహం కాదు, కానీ క్లోరైడ్‌తో దానికి గొడవే లేదు. ఉప్పున్న బ్రాత్‌లోనే 2 మిల్లీమోలార్, అంటే లీటరుకు 0.35 గ్రాములు వేస్తే, క్షయకరించగల బాసిల్లస్ ఒకటి రెండు రోజుల్లో బ్రాత్‌ను ఇటుక ఎరుపు చేస్తుంది. మూత తీస్తే వెల్లుల్లి వాసన రావచ్చు, అది డైమిథైల్ సెలెనైడ్ ఆవిరి. సెలెనైట్ విషం, ఫ్యూమ్ హుడ్ లేనిచోట ఈ పని పెట్టుకోకండి. బంగారం కూడా ఇంతే, క్లోరోఆరిక్ ఆమ్లంలోనే క్లోరిన్ ఉంది కాబట్టి ఉప్పుతో పేచీ లేదు, ఖరీదే పేచీ. బాసిల్లస్ సబ్టిలిస్ గోడల మీద నానో బంగారం ఏర్పడుతుందని 1980లోనే బెవరిడ్జ్, మర్రే చూపించారు. మజ్జిగలోని లాక్టోబాసిల్లస్ బంగారం, వెండి స్ఫటికాలు కడుతుందని ఐఐటీ మద్రాసు నుంచి 2002లో నాయర్, ప్రదీప్ రాశారు. అది చదివి మజ్జిగలో నేరుగా సిల్వర్ నైట్రేట్ పోసేవాళ్ళున్నారు. పాలల్లో లీటరుకు గ్రాము దాకా క్లోరైడ్ ఉంటుంది, మజ్జిగ ఎలాగూ తెల్లనే కాబట్టి తెల్లగా విరిగినా కంటికి తెలియదు.

"పర్యావరణ హితం" అని మీ ప్రాజెక్టు టైటిల్‌లో పెట్టారు కాబట్టి ఒక మాట. సోడియం బోరోహైడ్రైడ్, హైడ్రజీన్ లాంటి విష రసాయనాలు వాడకపోవడం వరకే ఆ మాట నిజం. ఆటోక్లేవ్, మూడు రోజుల షేకర్ కరెంటు, లీటరు మీడియం ఖర్చు ఇటువైపు ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యం చివరి పారబోత. కాలేజీ సింకు నుంచి పోయిన వెండి కాలువల్లో పడి మహేంద్రతనయ లాంటి ఏటికి చేరితే చేపలకూ నీటి సూక్ష్మజీవులకూ అది విషమే. వాడిన ద్రావణాలన్నీ, ఆ ఊదారంగు ఫ్లాస్కులతో సహా, ఒక బకెట్‌లో కలపకుండా ముందు 121 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఆటోక్లేవ్ చెయ్యండి. తర్వాత ఒక పెద్ద సీసాలో పోసి, ఇంతసేపూ తిట్టుకున్న ఉప్పునే లీటరుకు రెండు చెంచాలు వేసి రాత్రంతా కదపకుండా ఉంచండి. కరిగి ఉన్న వెండి సిల్వర్ క్లోరైడై అడుగుకు దిగుతుంది, ఉప్పుకు కణాలు కూడా చాలావరకు ముద్దకట్టి దిగుతాయి. పైన తేట వంచి, చుక్క తీసి ఇంకొంచెం ఉప్పు నీళ్ళు కలిపితే మసక రాకూడదు, అప్పుడే పారబోయండి. అడుగు మడ్డిని "వెండి వ్యర్థం" అని రాసిన ముదురు సీసాలో కూడబెట్టి, సీసా నిండాక కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌కు అప్పగించండి. హైపో పరీక్ష చేసిన నాళికల నీళ్ళు మాత్రం ఈ సీసాలో కలపకండి, కరిగిన వెండి మళ్ళీ ఉప్పుకు దిగదు. వాటికి వేరే సీసా పెట్టుకోండి, అందులో ఆమ్లం పడనివ్వకండి.